విశాఖలో ఇద్దరం: ఊరు దాటకుండా మా షికార్లు

మా ఆయనది షిఫ్టు డ్యూటీ. వారం సెలవు ఏ మంగళవారమో గురువారమో పడుతుంది. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను కాబట్టి ఆ రోజుకు పని ముందే చక్కబెట్టుకుంటాను. పిల్లలిద్దరూ హాస్టళ్లలో చేరాక, సెలవు రోజున గాజువాక నుంచి బయల్దేరి ఊళ్లో ఏదో ఒక చోటికి వెళ్లి రావడం మాకు అలవాటైపోయింది. టూరిస్టులు విశాఖను రెండ్రోజుల్లో చుట్టేసి పోతారు. మాకు ఆ తొందర లేదు. ఇద్దరం కూర్చోవడానికి చోటుండాలి, ఒకరి మాట ఒకరికి వినపడాలి, గంట గడిచినా ఎవరూ లేవమనకూడదు. మేం ఏ చోటుకైనా మార్కులు వేసేది ఈ లెక్కనే.

ఆర్కే బీచ్‌కి ఆదివారం సాయంత్రం వెళ్లం. ఆ జనంలో, ఆ హారన్ల మోతలో మాట్లాడుకోవడం కుదరదు. మామూలు రోజుల్లో ఐదు లోపు చేరితే హాయిగా ఉంటుంది. సముద్రం తూర్పున ఉంది, పొద్దు వాలేది మన వెనక, ఊరి వైపు. అందుకని ఎండ మొహాన కొట్టదు, రోడ్డవతలి మేడల నీడ ఇసుక మీదికి పెందలాడే వచ్చేస్తుంది. ఇక పౌర్ణమి నాడు సెలవు కలిసొచ్చిందంటే మాకు పండగే. పొద్దు గుంకే వేళకే చంద్రుడు నీళ్ల అంచు మీదికి వస్తాడు. మొదట ఎర్రగా, కాస్త అదిమినట్టు ఉంటాడు. చూస్తుండగానే పసుపు తిరిగి, గుండ్రమై, పైకి పోయేకొద్దీ తెల్లబడతాడు. ఆ వెలుగు నీళ్ల మీద పరుచుకునేదాకా మేం కదలం. దానికోసం మా ఆయన తోటివాళ్లతో డ్యూటీ మార్చుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. ఇక్కడ స్నానానికి మాత్రం దిగొద్దు. అలలు వెనక్కి లాగేస్తాయి, ఏటా ప్రాణాలు పోతున్నాయి. పాదాలు తడుపుకుని వచ్చేయండి.

బీచ్‌లో మా చిరుతిండి ముంత మసాలా. ఎప్పుడూ ఒకే ఆవిడ బండి దగ్గర తింటాం. ఆమె ఉల్లిపాయ ముందే తరిగి పెట్టుకోదు, మనం అడిగాకే కోస్తుంది. మరమరాలు, వేయించిన పల్లీలు, టమాటా, పచ్చిమిర్చి, కొత్తిమీర గిన్నెలో వేసి, నిమ్మకాయ పిండి, ఉప్పూకారం చల్లి చకచకా కలుపుతుంది. కాగితం పొట్లంలో పోసి, చెంచాకు బదులు చిన్న అట్టముక్క గుచ్చి ఇస్తుంది. అందుకున్న వెంటనే తినాలి. ఐదు నిమిషాలు ఆగితే మరమరాలు మెత్తబడిపోతాయి. మా ఆయనకు కారం దండిగా, నాకు నిమ్మ ఎక్కువ. ఆమె ఇప్పుడు అడగకుండానే అలా కలిపిస్తోంది.

కురుసుర జలాంతర్గామి అక్కడే ఒడ్డున ఉంది. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది, 2001 దాకా పనిచేసింది, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లు. లోపల ఇద్దరు పక్కపక్కన నడవలేరు, ఒకరి వెనక ఒకరు వెళ్లాల్సిందే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి ద్వారంలో వంగి, కాలెత్తి దాటాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇది ముందే ఆలోచించుకోవాలి. వివరించేవాళ్లు నేవీలో చేసి రిటైరైనవాళ్లు. రద్దీ లేని రోజు ఒకాయన మాకు గొట్టాలు, వాల్వులు, టార్పెడోలు ఓపిగ్గా చూపించారు. మా ఆయన యంత్రాల మనిషి, ప్రశ్న మీద ప్రశ్న వేస్తూనే ఉన్నాడు. నాకైతే మంచాలు చూశాక గుండె బరువెక్కింది. అంత ఇరుకులో నెలల తరబడి ఇంటికి దూరంగా గడిపారంటే వాళ్ల మీద గౌరవం రెట్టింపైంది. సెలవుల్లో వెళితే మాత్రం లైను కదులుతూనే ఉంటుంది, నిలబడి చూసే వీలుండదు. సోమవారం మూసి ఉంటుంది. ఎదురుగా నేవీ వాడిన టీయూ-142 నిఘా విమానాన్ని 2017 నుంచి చూడనిస్తున్నారు. అది ఒకసారి చూస్తే చాలు, జలాంతర్గామికి మళ్లీ మళ్లీ వెళ్లొచ్చు.

కైలాసగిరి రోప్‌వే బాగుంటుంది, పైనుంచి తీరం వంపు చూడాల్సిందే. చుట్టాలొస్తే తీసుకెళ్తాం. ఇద్దరమే వెళ్లాలంటే మా ఓటు తొట్లకొండకు. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు అది. కొండ మీద స్తూపం, చైత్యాల (ప్రార్థనా మందిరాల) పునాదులు, వాళ్లు ఉన్న చిన్న చిన్న గదుల గోడలు, వాన నీళ్లు నిలవడానికి రాతిలో తొలిచిన తొట్లు కనిపిస్తాయి. 1970లలో నేవీ సర్వే చేస్తుండగా ఇది బయటపడింది. గోడలు మోకాలెత్తు కూడా లేవు కాబట్టి ఎక్కడ నిలబడ్డా సముద్రం కనిపిస్తుంది. గాలి తప్ప వేరే చప్పుడు ఉండదు. నీడ తక్కువ, అందుకని పొద్దున్నే వెళ్లాలి, నీళ్లు ఇంటి నుంచే పట్టుకెళ్లాలి. ఆ పాత ఇటుకల మీద కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పేవాళ్లను చూస్తే బాధేస్తుంది. కాస్త పక్కకు వెళ్లి చెట్టు కింద కూర్చోవచ్చు కదా.

భీమిలికి 900కే బస్సులో, బీచ్ రోడ్డు మీదుగా వెళ్తాం. 2025 ఆగస్టు 15 నుంచి ప్రభుత్వ స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు సిటీ బస్సులు ఉచితం కాబట్టి మా ఇద్దరికీ ఒక్క టిక్కెట్టే. మిగిలిన డబ్బు టీలకు, బజ్జీలకు సరిపోతుంది. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోవాలి. వెళ్లేటప్పుడు కుడి వైపు కిటికీ పట్టుకుంటే సముద్రం కనిపిస్తూనే ఉంటుంది. దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగి ఒక అరగంట నడవొచ్చు. గట్ల మీదికి ఎక్కితే మట్టి రాలిపోతుంది, కింద బాటల్లోనే తిరగాలి. భీమిలి మునిసిపాలిటీ 1861 నాటిది. డచ్చివాళ్ల సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, వలలు సర్దుకునే మత్స్యకారులు, అన్నీ నడిచి చూడగలిగేంత దగ్గర. ఆర్కే బీచ్‌లో దొరకని నెమ్మది ఇక్కడ దొరుకుతుంది. తిరుగు బస్సు టైము దిగగానే కనుక్కోండి.

పెళ్లిరోజుకు ఒక రాత్రి బయట ఉందామని రుషికొండ వైపు ఒక హోటల్లో సముద్రం కనిపించే గది అని ఎక్కువ పెట్టి తీసుకున్నాం. తీరా చూస్తే, బాల్కనీ చివర నిలబడి మెడ తిప్పితే పక్క రెండు బిల్డింగుల మధ్య ఒక చీలిక నీలం కనిపించింది. రిసెప్షన్‌లో అడిగితే "అది కూడా సీ వ్యూనే మేడమ్" అన్నాడు ఆ అబ్బాయి. నాకు ఒళ్లు మండింది. మా ఆయన "పోనీలేవే, ఈ రోజు గొడవెందుకు" అని నా చేయి పట్టుకుని రుషికొండ బీచ్‌కి తీసుకెళ్లాడు. శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ అది, శుభ్రంగా ఉంది, మనసు కుదుటపడింది. అలాంటి గదికి డబ్బు కట్టే ముందు మనకిచ్చే గది కిటికీలోంచే ఫొటో తీసి పంపమనండి.

ఆ తర్వాత భీమిలిలో తీసుకున్న గది సముద్రానికి రెండు వీధుల వెనక ఉంది. కిటికీలోంచి పక్కింటి కొబ్బరిచెట్టు తప్ప ఏమీ కనపడదు. కానీ దుప్పట్లు ఉతికినవి, బాత్రూం పొడిగా ఉంది, పొద్దున నాలుగున్నరకు లేపి గేటు తీయమంటే ఆ పెద్దాయన విసుక్కోలేదు. "ఎదురు సందులోంచి పోండమ్మా, సూర్యోదయం బాగా కనిపిస్తుంది" అని దారి కూడా చెప్పాడు. వచ్చే పెళ్లిరోజుకు ఆ గదే అడిగి పెట్టుకున్నాం.