నల్లజాతి కథానాయకుడికి ఏ దారి మేలు: 1968 నాటి బెన్‌దా, 2017 నాటి క్రిస్‌దా?

హారర్ సినిమాలో నల్లజాతి పాత్రకు న్యాయం చేయదలచిన అమెరికన్ దర్శకుల ముందు రెండు దారులు కనిపిస్తాయి. పాత్ర జాతి గురించి ఒక్క మాటా ఎత్తకుండా అతణ్ణి కథకు నాయకుణ్ణి చేయడం ఒకటి, ఆ జాతి మనిషి నిత్యం మోసే భయాన్నే కథగా మలచడం మరొకటి. మొదటి దారిలో జార్జ్ రొమేరో 1968లో బెన్ నాయకుడిగా ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ తీశారు. రెండో దారిలో జోర్డన్ పీల్ 2017లో క్రిస్ నాయకుడిగా ‘గెట్ అవుట్’ తీశారు. నేను రెండో దారి వైపే మొగ్గుతాను, అయితే మొదటిదానికి దక్కవలసిన గౌరవం దక్కాకే.

అసలు ఈ రెండు సినిమాలూ ఎలాంటి ధోరణికి ఎదురు నిలిచాయో ‘ద షైనింగ్’ చూస్తే అర్థమవుతుంది. 1980లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన ఆ చిత్రంలో హాలొరన్ అనే నల్లజాతి వంటవాడికి అతీంద్రియ శక్తి ఉంటుంది. మంచులో హోటల్లో చిక్కుకున్న శ్వేతజాతి పిల్లవాడి ఆపదను పసిగట్టి, అతను మయామీ నుంచి కొలరాడో కొండల దాకా వస్తాడు. హోటల్లో అడుగుపెట్టిన కాసేపటికే గొడ్డలి వేటుకు బలవుతాడు. దానికి మూలమైన స్టీఫెన్ కింగ్ నవలలో ఇదే మనిషి బతికి బయటపడతాడు. సినిమాలో మాత్రం అతని శక్తీ మంచితనమూ ప్రాణమూ అన్నీ ఇతరులను కాపాడటానికే ఖర్చయిపోయాయి. అతనికంటూ ఒక కథ లేదు.

‘ద షైనింగ్’కు పన్నెండేళ్ల ముందే వచ్చిన బెన్ పాత్ర ఇలాంటిది కాదు. పెన్సిల్వేనియాలో, చాలా తక్కువ ఖర్చుతో తీసిన ఆ సినిమాలో లేచి నడిచే శవాలు ఇంటిని చుట్టుముట్టినప్పుడు తలుపులకు చెక్కలు కొట్టేదీ, రేడియో వెతికేదీ, మిగిలినవారికి పని పురమాయించేదీ బెన్నే. తనను కొట్టిన శ్వేతజాతి యువతిని తిరిగి కొడతాడు, తుపాకీ లాక్కోబోయిన శ్వేతజాతి కుటుంబ పెద్దను కాలుస్తాడు. 1968 అమెరికాలో ఇవి తెరమీద ఊహించలేని దృశ్యాలు. అయినా స్క్రిప్టులో జాతి ఊసే లేదు. నటుడు డ్వేన్ జోన్స్‌ను ఆ పాత్రకు తీసుకున్నది ఆడిషన్‌లో అందరికన్నా బాగా చేసినందుకేనని రొమేరో ఎన్నోసార్లు చెప్పారు. మోటుగా మాట్లాడే లారీ డ్రైవర్‌గా రాసిన ఆ పాత్ర భాషను మార్చి, ఆలోచనాపరుడైన మనిషిగా నిలబెట్టిన ఘనత జోన్స్‌ది.

ఆ సినిమా ముగింపు ఇప్పటికీ గుండెను పిండేస్తుంది. రాత్రంతా పోరాడి బతికిన బెన్ తెల్లవారి నేలమాళిగ నుంచి పైకొచ్చి కిటికీలోంచి చూస్తాడు. బయట తిరుగుతున్న తుపాకీ దళం అతణ్ణీ శవమే అనుకుని నుదుటిమీద కాల్చేస్తుంది. ఆ తర్వాత వచ్చేవి కదలని, మసకబారిన ఫొటోలు: కొక్కేలతో అతని శరీరాన్ని ఈడ్చుకుపోయి కట్టెల మంటకు చేర్చడం. అవి అమెరికా దక్షిణాదిలో నల్లజాతివారిపై జరిగిన మూకహత్యల ఫొటోల్లా ఉంటాయి. పూర్తయిన ప్రింటుతో న్యూయార్క్‌కు కారులో వెళుతుండగా రేడియోలో మార్టిన్ లూథర్ కింగ్ హత్య వార్త విన్నామని రొమేరో చెప్పారు. సినిమా జాతి గురించి మాట్లాడకపోయినా, దేశం దానితో మాట్లాడించింది. ఇక్కడే ఆ దారి పరిమితి ఉంది: బెన్‌కు ఆ ఉదయం తుపాకులను చూసి ఏ అనుమానం కలగాలో, కలిగిందో లేదో సినిమా మనకు చెప్పదు. అతని లోపలి భయం మనం ఊహించుకోవలసిందే.

‘గెట్ అవుట్’లో ఆ భయమే కథ. ఫొటోగ్రాఫర్ క్రిస్ తన శ్వేతజాతి ప్రియురాలి ఇంటికి వెళతాడు. అందరూ మర్యాదగానే ఉంటారు, ఆ మర్యాదలోనే అతని శరీరానికి బేరం నడుస్తుంది. ప్రియురాలి తల్లి అతణ్ణి హిప్నటైజ్ చేస్తూ టీ కప్పులో చెంచా తిప్పే చప్పుడుకు అతను కదలలేక, కన్నీళ్లతో, చీకట్లోకి జారిపోతుంటే తన కళ్లు చూసే ప్రపంచమే పైన టీవీ తెరలా దూరమవుతుంది. ఆ చప్పుడు వినబడకుండా ఉండటానికి కుర్చీలోని దూదిని పీకి చెవుల్లో కుక్కుకుంటాడు. పూర్వీకుల చేత బానిసత్వంలో ఏరించిన పత్తి ఇక్కడ అతణ్ణి కాపాడుతుంది. చివర రోడ్డుమీద పోలీసు కారులాంటి దీపాలు వెలగగానే క్రిస్ చేతులు పైకెత్తుతాడు. ఆ ఒక్క కదలికతో హాలంతా ఊపిరి బిగపడుతుంది. వచ్చింది స్నేహితుడు రాడ్. మొదట చిత్రీకరించిన ముగింపులో క్రిస్ జైలు పాలవుతాడు. ప్రేక్షకులకు ఊరట అవసరమని పీల్ దాన్ని మార్చారు. ఆ మార్పు సరైనదే, ఎందుకంటే బెన్‌కు జరిగినది ఇక్కడ మళ్లీ జరుగుతుందేమోనన్న భయాన్ని ఆ దీపాలు ముందే పూర్తిగా కలిగించాయి. 45 లక్షల డాలర్ల ఈ చిత్రం ఉత్తమ ఒరిజినల్ స్క్రీన్‌ప్లే ఆస్కార్ గెలిచింది. ఆ బహుమతి నల్లజాతి రచయితకు రావడం అదే తొలిసారి.

క్రిస్ దారి మేలనడానికి కారణం అతను బతకడం ఒక్కటే కాదు, మనం అతని కళ్లతో చూడటం. అయితే ప్రతి నల్లజాతి పాత్రా జాతి వివక్ష భారమే మోయాలంటే అదీ ఒక బంధనమే అవుతుంది. బెన్‌కున్న స్వేచ్ఛ వారికి ఉండదు. పీల్ 2019లో తీసిన ‘అస్’ ఈ చిక్కును విడదీసింది. సెలవులకు కాలిఫోర్నియాలోని శాంతాక్రూజ్ వెళ్లిన విల్సన్ కుటుంబం నల్లజాతిది, ఆ సంగతి కథకు సమస్య కాదు. పొరుగున దిగిన శ్వేతజాతి టైలర్ కుటుంబం ముందుగా చనిపోతుంది, విల్సన్లు ప్రాణాలతో బయటపడతారు.