పిల్లలకు వంట నేర్పాలంటే ఏది మేలు: మనకు సాయం చేయించడమా, ఒక వంటకం మొత్తం అప్పగించడమా?

మా అమ్మాయికి నాలుగేళ్లు వచ్చినప్పటి నుంచి వంటింట్లో చిన్న చిన్న పనులు చెబుతూ వచ్చాను. కూరగాయలు కడగడం, ఆకులు తుంచడం, గిన్నెలో వేసినవి కలపడం అన్నీ ఇష్టంగా చేసేది. ఆరేళ్లప్పుడు ఒక సాయంత్రం "ఇవాళ ఏదైనా నువ్వే చేసుకుని తిను" అంటే మాత్రం గట్టు ముందు అలాగే నిలబడిపోయింది. ముందు ఏం తీయాలో తనకి తెలియలేదు. రెండేళ్లపాటు నేను చేయించింది పనులే కానీ వంట కాదని అప్పుడు తెలిసొచ్చింది.

అలాగని సాయం చేయించడం దండగ అనను. రెండు మూడేళ్ల పిల్లలకు అదే సరిపోతుంది. చేతులకు పట్టు వస్తుంది, ఏది ఎలా ఉంటుందో తాకి, వాసన చూసి తెలుసుకుంటారు. మన వంట కూడా ఆగదు. కానీ ఏది ముందు, ఏది తర్వాత, ఎంత వేస్తే చాలు, అయిందని ఎలా తెలుస్తుంది అన్న ఆలోచనంతా మనమే చేసేస్తాం. పిల్లలకు ఆ అవకాశమే రాదు.

అందుకే రెండో పద్ధతికి మారాం. చిన్నదైనా సరే, మొదటి నుంచి చివరి దాకా తనే చేయాలి. మొదట పండ్ల ముక్కలు కలిపిన గిన్నె. సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కుంది. ఆపిల్‌ను నేను ముక్కలుగా కోసిచ్చాను, అరటిపండు తను కోసుకుంది. ముక్కల్ని వరసగా పేర్చడంలో మునిగిపోయి పైకి చూసేసరికి ఆపిల్ గోధుమరంగుకు తిరిగింది. "పాడైపోయిందా అమ్మా?" అని బిక్కమొహం పెట్టింది. కోసిన చోట గాలి తగిలితే పండులోని ఎంజైముల వల్ల అలా రంగు మారుతుందని, నిమ్మరసం పిండితే ఆ మార్పు నెమ్మదిస్తుందని చెప్పాను. మర్నాడు అడక్కుండానే అన్నిటికంటే ముందు నిమ్మకాయ తీసి పక్కన పెట్టుకుంది. ఎన్నాళ్లు సాయం చేసినా ఈ ముందుచూపు తనకి రాలేదు.

దీనికి ఓపిక కావాలి. పది నిమిషాల పని ముప్పావు గంట పడుతుంది, నేలంతా తడి అవుతుంది, మనం పక్కనుంచి కదలకూడదు. ఆకలేసే వేళకు, ఆఫీసు టెన్షన్‌లో ఇది కుదరదు. అలాంటప్పుడు సాయమే మేలు. సెలవు రోజు మధ్యాహ్నాలు మాత్రం దీనికే ఉంచండి.

కత్తి గురించి కాస్త వివరంగా చెప్పాలి. భయంతో అన్నిటికీ మొండికత్తే ఇచ్చేస్తుంటాం. అరటిపండుకు అది చాలు. దోసకాయ లాంటి గట్టివాటికి మాత్రం మొండికత్తి దిగదు, పిల్లలు బలంగా నొక్కుతారు, అది జారి వేలి మీదకొస్తుంది. వాటికి చిన్న పళ్లున్న కత్తి నయం. కోసే పలక కదలకుండా కింద తడిబట్ట వేయండి. పలక వాళ్ల నడుము ఎత్తులో ఉండాలి, అందకపోతే గట్టి పీట వేయండి. గుండ్రటి కాయను ముందు మీరే రెండుగా కోసి, చదునైన వైపు కిందికి పెట్టి ఇవ్వండి. కాయను పట్టుకున్న చేతి వేళ్ల కొసలు లోపలికి మడవాలని ప్రతిసారీ గుర్తు చేయాల్సిందే.

పొయ్యి దగ్గర మాత్రం తొందర వద్దు. పిల్లల చర్మం మనకంటే పలచన, ఆవిరి తగిలినా కాలుతుంది. గిన్నె పిడి ఎప్పుడూ లోపలి వైపుకే తిప్పి ఉంచాలి. మేం ఎనిమిదేళ్లు వచ్చాకే మొదలుపెట్టాం, అదీ కోడిగుడ్డు ఉడికించడంతో.

నన్నడిగితే నాలుగేళ్ల దాకా సాయం చాలు. ఐదు దాటాక వారానికి ఒక్కటైనా పూర్తిగా వాళ్ల చేతికి వదలండి, మిగతా రోజుల్లో సాయం ఎలాగూ ఉంటుంది. ఇప్పుడు మా అమ్మాయి నీళ్లు మరిగాక గుడ్లు చెంచాతో మెల్లగా దించి, టైమర్ 10 నిమిషాలకు పెట్టి, చల్లార్చడానికి చన్నీళ్ల గిన్నె సిద్ధం చేసుకుంటుంది. అదంతా పక్కనే నిలబడి చూస్తుంటాను. వేడినీళ్లు వంపడానికి మాత్రం "అమ్మా, ఇటురా" అని పిలుస్తుంది.