టిప్పుల మీద పన్ను రద్దా, కనీస వేతనం పెంపా? లాటినో కార్మికుడికి ఏది మేలు?

టెక్సాస్‌లో కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. ఆ వేతనం మీద వారానికి 40 గంటల చొప్పున, ఒక్క రోజు కూడా జీతం పోగొట్టుకోకుండా ఏడాదంతా పనిచేస్తే వచ్చేది 15,080 డాలర్లు. ఒంటరిగా ఉండే మనిషికి 2025లో 15,750 డాలర్ల ఆదాయం వరకు ఫెడరల్ ఆదాయపు పన్ను లేదు. అంటే ఆ కార్మికుడు కట్టాల్సిన ఆదాయపు పన్ను ముందే సున్నా. సున్నాలోంచి ఎంత మాఫీ చేసినా మిగిలేది సున్నాయే. 2024 అమెరికా ఎన్నికల్లో లాటినో ఓటర్ల ముందుకొచ్చిన హామీలను తూచేటప్పుడు నేను మొదట పట్టుకునే లెక్క ఇదే.

మెక్సికో, ప్యూర్టో రికో, క్యూబా, ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా, హోండురస్ వంటి చోట్ల మూలాలున్నవాళ్లందరినీ కలిపి లాటినోలంటారు. 2024లో వీళ్లలో ఓటు హక్కుకు అర్హులు 3 కోట్ల 62 లక్షల మంది ఉంటారని ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ అంచనా వేసింది. లాటినో అనగానే మనవాళ్లకు సరిహద్దు గోడ, వలసల గొడవ గుర్తొస్తాయి. వాళ్లను అడిగితే మొదట వచ్చే మాటలు వేరు: సరుకుల ధరలు, ఇంటి అద్దె, జీతం, ఆసుపత్రి బిల్లు. యునిడోస్ యూఎస్ అనే లాటినో సంస్థ చేయించే సర్వేల్లో బతుకు ఖర్చు, ఉద్యోగాలు పైన ఉంటాయి, వలస విధానం వాటి కింద వస్తుంది. 2022 జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరినప్పుడు కోడిగుడ్లు, పెట్రోలు, అద్దె అన్నీ కలిసి మీద పడ్డాయి. ఆ దెబ్బ మానలేదు. ట్రంప్‌కు లాటినో ఓట్లు 2020లో 36 శాతం వస్తే 2024లో 48 శాతం వచ్చాయని ప్యూ లెక్క. ఆ మార్పు వెనక ఇంకా చాలా కారణాలున్నా, వంటింటి ఖర్చును పక్కన పెట్టి దాన్ని అర్థం చేసుకోలేం.

ఆ ఎన్నికల్లో జనం నోట బాగా నానిన హామీ టిప్పుల మీద పన్ను రద్దు. 2024 జూన్ 9న లాస్ వేగాస్‌లోని సన్‌సెట్ పార్క్ సభలో ట్రంప్ దాన్ని ప్రకటించారు. రెండు నెలల తర్వాత అదే ఊళ్లో కమలా హారిస్ కూడా సరేనన్నారు, కనీస వేతనం పెంచుతామని కూడా దానికి జోడించారు. 2025 జులై 4న సంతకమైన పెద్ద చట్టంలో మొదటిది చేరింది. రెండోది చేరలేదు.

పేరులో రద్దు అని ఉన్నా చట్టంలో ఉన్నది మినహాయింపు. ఏడాదికి 25,000 డాలర్ల వరకు టిప్పులను పన్ను వేసే ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. ఒంటరి వ్యక్తి ఆదాయం 1,50,000 డాలర్లు దాటితే మినహాయింపు తగ్గుతూ పోతుంది. ఇది 2025 నుంచి 2028 వరకే. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (వృద్ధాప్యపు పెన్షన్, ఆరోగ్య బీమా పథకాలు) కింద జీతంలోంచి కోసే 7.65 శాతం టిప్పుల మీద మామూలుగానే పడుతుంది. పెద్ద గుంపులు వచ్చినప్పుడు హోటల్ తనంతట తానే బిల్లులో కలిపే సర్వీస్ చార్జి దీని కిందకు రాదు, కస్టమర్ ఇష్టపడి ఇచ్చిందే టిప్పు. పనిచేయడానికి చెల్లే సోషల్ సెక్యూరిటీ నంబర్ కూడా ఉండాలి.

ఇద్దరు మనుషులను ఊహించుకుందాం. ఒకతను లాస్ వేగాస్‌లో కాసినోలుండే స్ట్రిప్ వీధి మీద బార్టెండర్, ఒంటరివాడు. జీతం 30,000, టిప్పులు 20,000 డాలర్లు. అతను 12 శాతం శ్లాబులో ఉంటాడు కాబట్టి ఈ చట్టంతో ఏడాదికి 2,400 డాలర్లు మిగులుతాయి. నెలకు 200. ఇది చిన్న సాయమని నేను అనను.

ఇంకొకామె టెక్సాస్‌లో, రియో గ్రాండే లోయలో ఒక చిన్న రెస్టారెంట్‌లో వెయిట్రెస్. ఇద్దరు పిల్లల తల్లి, తనొక్కతే సంపాదన. జీతం, టిప్పులు అన్నీ కలిపి 24,000 డాలర్లు. ఇంటిపెద్దగా ఆమెకు 23,625 డాలర్ల వరకు పన్ను లేదు. మిగిలిన 375 డాలర్ల మీద పడేది 37 డాలర్ల యాభై సెంట్లు, అది కూడా పిల్లల మీద వచ్చే ట్యాక్స్ క్రెడిట్‌లో (కట్టాల్సిన పన్నులోంచి నేరుగా తగ్గే మొత్తం) కొట్టుకుపోతుంది. కొత్త చట్టంతో ఆమె చేతికి అదనంగా వచ్చేది ఏమీ లేదు.

టిప్పులతో బతికేవాళ్లందరూ ఈమెలాగే ఉంటారని కాదు. కానీ యేల్ యూనివర్సిటీ బడ్జెట్ ల్యాబ్ లెక్క ప్రకారం, టిప్పులు వచ్చే ఉద్యోగుల్లో మూడో వంతుకు పైగా ఫెడరల్ ఆదాయపు పన్ను కట్టేంత సంపాదనే లేనివాళ్లు. అసలు టిప్పులు వచ్చే ఉద్యోగాలే దేశం మొత్తం మీద సుమారు 40 లక్షలు. కాలిఫోర్నియాలో స్ట్రాబెర్రీలు కోసేవాళ్లకు, నెబ్రాస్కాలో మాంసం ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు, హ్యూస్టన్‌లో ఇంటి కప్పులు వేసేవాళ్లకు, ఆఫీసులు ఊడ్చేవాళ్లకు టిప్పు ఎవరిస్తారు? లాటినోల బతుకు చాలావరకు ఈ పనుల మీదే నడుస్తుంది. నిర్మాణ రంగంలో సుమారు మూడో వంతు కార్మికులు వాళ్లే. అక్కడ పనికొచ్చేది అదే చట్టంలోని ఓవర్‌టైం మినహాయింపు. దానికి కూడా పరిమితి ఉంది: ఒకటిన్నర రెట్ల జీతంలో ఆ పైన వచ్చే అర భాగానికే, ఏడాదికి 12,500 డాలర్ల వరకు.

మనవాళ్ల హోటళ్లనే తీసుకోండి. డాలస్ చుట్టుపక్కల తెలుగు రెస్టారెంట్లలో కౌంటర్ దగ్గర, టేబుళ్ల దగ్గర తెలుగు వినబడుతుంది, వెనక వంటింట్లో చాలాచోట్ల స్పానిష్ వినబడుతుంది. ఉల్లిపాయలు తరిగేవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు, ఏళ్లు గడిచాక దోసె పెనం దగ్గర కూడా నిలబడేవాళ్లు మెక్సికో నుంచో హోండురస్ నుంచో వచ్చినవాళ్లు. టిప్పులను లెక్కలో కలుపుకుని వెయిటర్‌కు తక్కువ జీతమిచ్చే యజమాని, ఆ టిప్పుల్లో వంటవాళ్లకు, గిన్నెలు తోమేవాళ్లకు వాటా పెట్టకూడదని ఫెడరల్ నియమం. వెయిటర్ సొమ్మును కాపాడటానికి పెట్టిన మంచి నియమమే, కాకపోతే వెనక వంటింటికి టిప్పు గాని, దాని మీద పన్ను మినహాయింపు గాని చేరవు. వాళ్లకు చేరేది గంట కూలి ఒక్కటే.

ఆ గంట కూలి సంగతి చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఫెడరల్ కనీస వేతనం 2009 జులై 24 నుంచి 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. అప్పుడు ఆ డబ్బుతో కొన్న సరుకులు ఇప్పుడు కొనాలంటే దాదాపు 11 డాలర్లు కావాలి. టిప్పులు వచ్చే ఉద్యోగికి యజమాని ఇవ్వాల్సిన కనీసం ఇంకా దారుణం: గంటకు 2.13 డాలర్లు, 1991 నుంచి అంతే. టిప్పులతో కలిపి 7.25 కాకపోతే తేడా యజమాని కట్టాలని చట్టం చెబుతుంది. ఆ తేడా లెక్కగట్టి అడిగే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

టెక్సాస్ ఈ ఫెడరల్ అంకెల మీదే నడుస్తోంది. లాస్ వేగాస్ ఉన్న నెవాడా అలా కాదు. అక్కడ 2022లో జనం ఓటేసి ఆమోదించిన సవరణతో 2024 జులై 1 నుంచి కనీస వేతనం 12 డాలర్లు, టిప్పులు దాని పైన అదనం. కాబట్టి టిప్పుల మీద పన్ను రద్దు అనే మాట పుట్టింది, పూర్తి వేతనం పైన టిప్పు దొరికే ఊళ్లో. అదే మాట టెక్సాస్ సరిహద్దు ఊళ్లకు వెళ్లేసరికి దాని విలువ చాలావరకు కరిగిపోతుంది.

కనీస వేతనం 7.25 నుంచి 12కు పెరిగితే ఫుల్‌టైం కార్మికుడికి ఏడాదికి 9,880 డాలర్లు ఎక్కువ వస్తాయి. బార్టెండర్‌కు మిగిలే 2,400 పక్కన ఇది పెట్టి చూడండి. నిజమే, ఇప్పుడు టెక్సాస్‌లో కూడా సరిగ్గా 7.25కి మనుషులు దొరకడం తక్కువ. పదికో పదకొండుకో చేసేవాళ్లు ఎక్కువ కాబట్టి అసలు లాభం అంతకన్నా తక్కువే ఉంటుంది. అయినా చట్టం కింది మెట్టు పైకి జరిపితే ఆ మెట్టుకు దగ్గర్లో ఉన్నవాళ్ల కూలి కూడా కదులుతుంది. ఇంకో సంగతి, కనీస వేతన చట్టం కాగితాలున్నవాళ్లకు, లేనివాళ్లకు ఒకేలా వర్తిస్తుంది. ఒకే ఇంట్లో పౌరసత్వం ఉన్న కూతురు, కాగితాలు లేని తండ్రి ఉండే కుటుంబాలు లాటినోల్లో తక్కువేమీ కాదు. కూతురు ఓటేసేటప్పుడు తండ్రి కూలి గురించి ఆలోచించదా?

దీనికి రెండో వైపూ ఉంది. ఫెడరల్ కనీస వేతనాన్ని 15 డాలర్లకు పెంచే ప్రతిపాదన మీద కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) బడ్జెట్ ఆఫీసు 2021లో ఇచ్చిన అంచనాలో 1 కోటి 70 లక్షల మంది జీతాలు నేరుగా పెరుగుతాయని, 9 లక్షల మంది పేదరికం నుంచి బయటపడతారని, దాంతోపాటు 14 లక్షల ఉద్యోగాలు పోతాయని ఉంది. పోయే ఉద్యోగాల్లో లాటినోలవి కూడా ఉంటాయి. భార్యాభర్తలు పొద్దున నాలుగింటికి లేచి నడుపుకునే టాకో దుకాణానికి ఇద్దరు పనివాళ్ల జీతం ఒక్కసారిగా పెరిగితే భారమే. కాలిఫోర్నియాలో 2024 ఏప్రిల్ నుంచి పెద్ద ఫాస్ట్‌ఫుడ్ గొలుసుల్లో 20 డాలర్లు చేశాక ధరలు ఎంత పెరిగాయి, ఉద్యోగాలు తగ్గాయా అన్న వాదన ఇంకా నడుస్తోంది. అందుకే ఫ్లోరిడా పద్ధతి నాకు నచ్చుతుంది. అక్కడ 2020లో ఓటర్లు రాజ్యాంగ సవరణతో ఏటా ఒక డాలర్ చొప్పున పెంచుకునే దారి ఎంచుకున్నారు. సుమారు 61 శాతం అవునన్నారు. అదే బ్యాలెట్ మీద ట్రంప్ 51 శాతంతో గెలిచారు. అరిజోనాలో 2024లో టిప్పులు వచ్చేవాళ్లకు మూల వేతనం తగ్గించుకునే వీలు యజమానులకిచ్చే ప్రతిపాదన పెడితే నలుగురిలో ముగ్గురు వద్దన్నారు, అక్కడ కూడా అదే రోజు గెలిచింది ట్రంపే. అంటే ఈ రెండు రాష్ట్రాల్లో ఏ పార్టీకి ఓటేసినా, కూలి విషయం వేరుగా అడిగితే జనం కార్మికుడి వైపే జవాబు చెప్పారు. టెక్సాస్‌లో ఆ ప్రశ్న అడిగే వీలే లేదు. ఓటర్లు సంతకాలు సేకరించి చట్టం తెచ్చే పద్ధతి ఆ రాష్ట్రంలో లేదు, నగరాలు ప్రైవేటు ఉద్యోగాలకు సొంత వేతనం పెట్టకుండా రాష్ట్ర చట్టం అడ్డం.

ఈ రెండింటినీ దాటి ఇంకో దారి ఉందని లాస్ వేగాస్ చూస్తే తెలుస్తుంది. అక్కడి కలినరీ యూనియన్, లోకల్ 226లో సుమారు 60,000 మంది సభ్యులు, సగానికి పైగా లాటినోలు. హోటల్ గదులు శుభ్రం చేసే ఆడవాళ్లు దానికి వెన్నెముక. 2023 నవంబర్‌లో సమ్మె గంటల దూరంలో ఉండగా పెద్ద కాసినోలు ఒప్పందానికి వచ్చాయి. ఐదేళ్లలో 32 శాతం పెంపు, అందులో 10 శాతం మొదటి ఏడాదే. దాంతో పాటు ఆరోగ్య బీమా, పెన్షన్. గది ఊడ్చే మనిషికి టిప్పు వస్తే వస్తుంది, లేకపోతే లేదు. యూనియన్ బీమా మాత్రం బిడ్డకు జ్వరం వచ్చిన రాత్రి పనికొస్తుంది. పన్ను మినహాయింపు ఇచ్చిన చట్టమే మెడికెయిడ్‌కు, అంటే పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమాకు, నెలకు 80 గంటల పని షరతు పెట్టింది, 2027 జనవరి 1 కల్లా అది అమల్లోకి రావాలి. నెవాడా, అరిజోనా లాంటి మెడికెయిడ్ విస్తరించిన రాష్ట్రాల్లో గంటలు అటూ ఇటూ అయ్యే కార్మికులకు అదే పెద్ద టెన్షన్. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో ఎంత పోతుందో కలిపి చూడకుండా టిప్పుల మినహాయింపు ఒక్కదాన్నే మెచ్చుకోలేను.

ఆ చట్టంలోనే సొంతూరికి నగదుగా పంపే డబ్బు మీద 1 శాతం పన్ను కూడా ఉంది. 2025 మేలో మొదట 5 శాతం అన్నప్పుడు ఎన్‌ఆర్‌ఐ తెలుగు ఇళ్లలో ఎంత కంగారో గుర్తుంది కదా. బ్యాంకు ఖాతా, డెబిట్ కార్డు ద్వారా పంపేవాళ్లకు మినహాయింపు రావడంతో మనం ఊపిరి పీల్చుకున్నాం. శుక్రవారం సాయంత్రం కూలి డబ్బు చేతపట్టుకుని మనీ ట్రాన్స్‌ఫర్ దుకాణం ముందు లైన్లో నిలబడే మెక్సికో, గ్వాటెమాలా మనిషికి ఆ ఊరట దక్కలేదు.

కాబట్టి నా తూకం ఇది. స్ట్రిప్ మీద బార్లో, ఖరీదైన రెస్టారెంట్లో పనిచేసే ఒంటరి మనిషికి టిప్పుల మినహాయింపు నిజమైన లాభం, 2028 దాకా వాడుకోవాలి. పిల్లలున్న వెయిట్రెస్‌కు, వంటింట్లో వాళ్లకు, టిప్పు ముఖం చూడని లక్షల మందికి కనీస వేతనం పెంపే మేలు, ఒకేసారి కాకుండా మెట్లు మెట్లుగా. యూనియన్ కట్టుకోగలిగిన ఊళ్లో మాత్రం ఆ రెండింటికన్నా ఒప్పందమే గట్టిది. దేశం మొత్తం లెక్క తీసి ఒకటే ఎంచమంటే నేను వేతనం వైపే ఉంటాను.

ఫ్లోరిడా వేసుకున్న మెట్లలో చివరిది 2026 సెప్టెంబర్ 30. ఆ రోజు నుంచి అక్కడ గంటకు 15 డాలర్లు, టిప్పులు వచ్చేవాళ్లకు యజమాని ఇవ్వాల్సింది 11.98. టెక్సాస్ చట్టంలో అదే అంకె ఇప్పటికీ 2.13.