ఫీజు కట్టారు, సంతోషం. మరి వయొలిన్?

మా అమ్మాయి వయొలిన్ క్లాసులకి ఓ స్వచ్ఛంద సంస్థ దగ్గర గ్రాంటు తీసుకున్నాం. ఆదాయం తక్కువున్న ఇళ్ల పిల్లలకి సంగీతం, ఆటలు, సెలవుల శిబిరాలు, ఇలాంటివాటికి ఇస్తారు. పేరు రాయడం లేదు.

అన్నిటికంటే నచ్చింది, ఫీజు నేరుగా సంగీతం స్కూలుకే కట్టేస్తారు. ముందు మీరు కట్టండి, రసీదు చూపిస్తే తర్వాత ఇస్తాం అనే గ్రాంట్లు కూడా ఉన్నాయి. ముందు కట్టే స్తోమతే ఉంటే దరఖాస్తు దేనికండీ? ఆదాయం రుజువుకీ పేచీ పెట్టలేదు. వేరే సహాయ పథకంలో ఇప్పటికే ఉన్నామని చూపించే ఉత్తరం చాలన్నారు. నాలాగా జీతం స్లిప్పు లేనివాళ్లకి అదే పెద్ద టెన్షన్.

ఫారంలో ఒక ప్రశ్న మాత్రం నాకు గుచ్చుకుంది. ఇంట్లో ఇబ్బందులేమిటో పిల్లే తన మాటల్లో రాయాలట. ఎనిమిదేళ్ల పిల్ల చేత కష్టాలు చెప్పించుకోవడం ఏం ముచ్చట? మా అమ్మాయి అవేవీ రాయకుండా, తనకి ఏ పాట వాయించాలనుందో రాసి పంపింది. అయినా ఇచ్చారు. ఫొటో అడిగారు, వద్దంటే మళ్లీ ఆ మాటెత్తలేదు.

అసలు తిరకాసంతా వాయిద్యం దగ్గరే. పిల్లల వయొలిన్‌కి సైజులుంటాయి: పావు, అర, ముప్పావు, ఆ తర్వాత పూర్తి సైజు. చెయ్యి సాగేకొద్దీ చెప్పుల్లా మార్చుకుంటూ పోవాలి. వీళ్ల రూలేమో వాయిద్యానికి ఒక్కసారే డబ్బు. కొనిచ్చిన అర సైజుది చూస్తుండగానే చిన్నదైపోయింది. మోచెయ్యి ముడుచుకుని వాయిస్తుంటే శ్రుతి కుదరదు, మెడనొప్పి. తెగిన తీగలు, వాయించే బౌకి (కమానుకి) రుద్దే రోజిన్ ముక్క, బస్సు ఛార్జీలు, అన్నీ మావే. ఈ రూలు రాసినవాళ్లింట్లో వయొలిన్ నేర్చుకునే పిల్లలు లేరనుకుంటా.

పైగా ఏటా మళ్లీ కొత్తగా దరఖాస్తు. ఫలితం క్లాసులు మొదలయ్యాకే వస్తుంది. టీచరుగారు సీటు ఆపి ఉంచారు కాబట్టి సరిపోయింది.

సైజు సంగతి వివరంగా రాసి పంపితే, కొనే బదులు అద్దెకి తీసుకుంటే ఆ బిల్లు కడతాం, కానీ దరఖాస్తులోనే అడగాలి అన్నారు. ఫారంలో ఆ గడే లేదు! మీరు అప్లై చేస్తుంటే చివర్లో 'ఇతర వివరాలు' అన్నచోట అద్దె సంగతి రాయండి, దుకాణం వాళ్లు సైజు మార్చి ఇస్తారో లేదో ముందే కనుక్కోండి.