నాపబండ మీద సీఎన్‌సీ రూటర్: ఎండాకాలం చూసినాక చెప్తాండా

సీఎన్‌సీ రూటర్ అంటే కంప్యూటర్ చెప్పినట్టు నడిచి చెక్క, అల్యూమినియం కోసే మిషన్. నాదాంట్లో ఉండేవి నీమా 23 స్టెప్పర్ మోటార్లు, అవి తిప్పే 1605 బాల్ స్క్రూలు, బ్లాకులు జారే హెచ్‌జీఆర్ 20 రైళ్ళు, మోటార్లని నడిపే జీఆర్‌బీఎల్ సాఫ్ట్‌వేర్, బిట్టుని తిప్పే 1.5 కిలోవాట్ ఎయిర్ కూల్డ్ స్పిండిల్. ఇంట్లో మిషన్ కట్టుకునే ప్రతివాడి దగ్గరా ఉండేవే, వాటి గురించి కొత్తగా చెప్పేదేం లేదు. నేను చెప్పాలనుకునేది వీటన్నిటి కింద ఉన్న బండ గురించి. మన కడప నాపబండే, వంటింట్లో గట్టుకీ అరలకీ వేసే నల్లది. ఎర్రగుంట్ల నుంచి తెప్పించినా, నాలుగడుగులు బై మూడడుగులు, 40 మిల్లీమీటర్ల మందం, బరువు లెక్కేస్తే 120 కిలోలకు అటూ ఇటూ. బండ ఖరీదు కన్నా ఆటో బాడుగే ఎక్కువైంది.

అంతకుముందు మిషన్ ఇనుప యాంగిల్ స్టాండు మీద ఉండేది. ఎండీఎఫ్, అక్రిలిక్ కోసినన్నాళ్ళు బాగానే ఉండింది గానీ అల్యూమినియం ప్లేటు పెడితే చాలు, 6 మిల్లీమీటర్ల సింగిల్ ఫ్లూట్ బిట్టు, 18,000 ఆర్‌పీఎం, 900 ఫీడు (నిమిషానికి 900 మిల్లీమీటర్ల నడక), పాస్‌కి, అంటే ఒక్కో కోతకి, అర మిల్లీమీటరు లోతే ఇచ్చినా కీచుమని అరిచేది, పక్కింటి అత్త గోడ మీద నుంచి తొంగిచూసి "ఏం కోస్తాండావు నాయనా" అనేది. కోసిన అంచు మీద గోరు పెట్టి లాగితే గరగరా తగిలేది. బండ మీదికి మార్చినాక అదే బిట్టు, అదే ఫీడు, పాస్ ఒక మిల్లీమీటరుకి పెంచినా ఆ అరుపు లేదు, గుర్రుమని ఒకే తీరుగా పోతాది, అంచు మీద గోరు జారిపోతాది. మోటార్లు మార్చలా, స్పిండిల్ మార్చలా. ఇంత తేడా వస్తాదని నేనైతే అనుకోలా.

బండకి బోల్టులు ఎట్లా అంటారా, బండలు కోసే ఆయన ముందే చెప్పినాడు, "యాంకర్ ఫాస్టనర్ కొట్టొద్దు సామీ, పొర లేస్తాది" అని. నాపరాయి పొరలు పొరలుగానే ఉంటాది కదా, బోల్టు లోపల ఉబ్బితే అక్కడే చీలుతాది. అందుకని నీళ్ళు పోసుకుంటా డైమండ్ కోర్ బిట్టుతో ఆరపార బెజ్జాలు వేసి, అడుగున ఇనుప పట్టీ పెట్టి బిగించినా. ఇంకోటి, పాలిష్ చేసిన బండ చూసేదానికి అద్దం మాదిరే ఉంటాది గానీ స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూరిస్తే ఎత్తుపల్లాలు బయటపడతాయి, రైలు నేరుగా దాని మీద కూర్చోదు. రెండు రైళ్ళ కిందా గట్టు కట్టి, ఆ రెండిటినీ కలుపుతా మధ్యలో చిన్న కాలవ పెట్టి పల్చటి ఎపాక్సీ పోస్తే రెండు పక్కలా ఒకే మట్టానికి వచ్చి ఆగుతాది. మన ఎండకి ఎపాక్సీ పారేలోపే గట్టిపడతాది కాబట్టి ఈ పని తెల్లారుజామునే పెట్టుకోవాల.

ఇదంతా చలికాలంలో. అప్పట్లో ఎవరడిగినా కళ్ళు మూసుకుని బండ వేసుకోండి అనేవాణ్ణి. ఇప్పుడు ఆ మాటకి ఇంకొంచెం కలపాల.

మే నెల వచ్చింది. పొద్దున పూట జాబ్ చక్కగా వస్తాది, మధ్యాహ్నం రెండు దాటితే స్టెప్పులు పోతాయి, అంటే మోటారు తిరగాల్సినంత తిరగదు, గుండ్రంగా రావాల్సింది అంచులో మెట్టు పడతాది. డ్రైవర్లు వేడెక్కుతాండాయేమో అని ఫ్యాన్ పెట్టినా, వైర్లు మార్చినా, గ్రీజు తుడిచి కొత్తది పూసినా. ఊహూ. టేకు పలక ఒకటి సగం చెక్కినాక పాడైంది, పూజ గది తలుపుకని ఒకరు ఇచ్చింది, ఆయనకి ఏం చెప్పాలో తెలీక రెండ్రోజులు ఫోన్ ఎత్తలా.

లేత్ షాపులో పనిచేసే తమ్ముడొకడు ఏదో బుష్ ఇచ్చిపోదామని వచ్చి, నా తిప్పలు చూసి, మోటారునీ స్క్రూనీ కలిపే కప్లర్ ఊడదీసి గ్యాంట్రీని, అంటే స్పిండిల్‌ని మోస్తా రెండు రైళ్ళ మీద నడిచే అల్యూమినియం అడ్డ దూలాన్ని, చేత్తో తోసినాడు. పొద్దున వేలితో తోస్తే జారేది, ఇప్పుడు పట్టేసినట్టు ఉంది. ఒక చెయ్యి గ్యాంట్రీ మీద, ఇంకో చెయ్యి బండ మీద పెట్టి "అన్నా, ఇది కాలుతాండాది, బండ సల్లగుండాది" అన్నాడు.

అంతే విషయం. అల్యూమినియం ఒక మీటరుకి, ఒక డిగ్రీకి 0.023 మిల్లీమీటర్లు సాగుతాది. నా గ్యాంట్రీ వెడల్పు 700 మిల్లీమీటర్లు, చలికాలం పొద్దుటికీ రేకుల షెడ్డులో మే మధ్యాహ్నానికీ 25 డిగ్రీల తేడా అనుకున్నా 0.4 మిల్లీమీటర్లు పెరుగుతాది. రాయి సాగేదే తక్కువ, పైగా అంత బరువున్న బండ వేడెక్కేదానికి సాయంత్రం అవుతాది. పైన గ్యాంట్రీ పెరిగి రెండు పక్కలా బ్లాకుల్ని బయటికి తోస్తాది, కింద రైళ్ళని బండ గట్టిగా పట్టుకొని ఉంటాది, మధ్యలో నలిగేది మోటారు. యాంగిల్ స్టాండు మీద ఉన్నప్పుడు ఈ బాధే లేదు, అది గ్యాంట్రీతో పాటు అంతో ఇంతో వంగేది. బండ ఏ గుణానికైతే నేను పొగిడినానో ఆ గుణమే అడ్డం వచ్చింది.

ఇప్పుడు ఎడమ పక్క బ్లాకుల్ని గట్టిగా ఉంచి, కుడి పక్క ప్లేటు బెజ్జాలు కొంచెం పెద్దవి చేసినా. ఉగాది అప్పుడొకసారి, దీపావళి అప్పుడొకసారి ఆ బోల్టులు వదులు చేసి, గ్యాంట్రీని ఈ కొస నుంచి ఆ కొసకి నడిపించి, మళ్ళా బిగిస్తా. రేకుల మీద సున్నం కొట్టించినా, అది కూడా బాగానే పనిచేసింది. అయినా మేలో అల్యూమినియం పని పొద్దున పదిలోపే ముగిస్తా, మధ్యాహ్నం ఎండీఎఫ్ జాలీలు, నేమ్ బోర్డులు మాత్రమే.

నాకు సొంత ఇల్లు, కింద నేల, బండ దొరికే ఊరు, కాబట్టి మళ్ళీ కట్టినా బండే వేస్తా. బాడుగ ఇంట్లోనో మేడ మీదో ఉండేవాళ్ళు, ఉత్త చెక్క, అక్రిలిక్ కోసేవాళ్ళు ఇంత బరువు ఎత్తుకోవాల్సిన పనే లేదు, మంచి యాంగిల్ స్టాండు సరిపోతాది. బండే కావాలంటే గ్యాంట్రీ ఇనుప బాక్స్ పైపుతో చేసుకోండి, అల్యూమినియం సాగేదాంట్లో ఇనుము సగమే సాగుతాది. కాకపోతే బరువు పెరుగుతాది, నీమా 23 లాగుతాదా, స్పీడ్ తగ్గించుకోవాలా అనేది నేను ఇంకా చేసి చూడలా.