ఒక్క రోజు సభా, నిలకడైన కమిటీయా?

విజయవాడ, గుంటూరులలో సామాజిక న్యాయ సంఘాలనూ యుద్ధ వ్యతిరేక బృందాలనూ దగ్గర చేయడానికి రెండు దారులున్నాయి. ముఖ్యమైన తేదీలకు లెనిన్ సెంటర్‌ వంటి చోట ఉమ్మడి సభ జరపడం ఒకటి, అన్ని సంఘాల ప్రతినిధులతో శాశ్వత సమన్వయ కమిటీ వేయడం మరొకటి.

సభకు ఖర్చు తక్కువ, సిద్ధాంత విభేదాలు తేలకపోయినా జరిగిపోతుంది. 1945లో హిరోషిమాపై అణుబాంబు పడిందీ, 1991లో నాటి గుంటూరు జిల్లా చుండూరులో దళితులను ఊచకోత కోసిందీ ఆగస్టు 6నే కనుక, ఆ రెండు స్మరణలను ఒకే వేదికపైకి తేవడానికి ఇంతకు మించిన సందర్భం దొరకదు. అయితే 2003 ఫిబ్రవరి 15న ప్రపంచమంతటా లక్షలాది మంది వీధుల్లోకి వచ్చినా, మార్చిలో ఇరాక్‌పై దాడి ఆగలేదు.

కమిటీ నెమ్మదిగా కదులుతుంది, పెద్ద సంఘం చిన్నదాన్ని మింగేసే ప్రమాదమూ ఉంది (అధ్యక్ష పదవి తగాదా సంగతి చెప్పనే అక్కర్లేదు). కానీ చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టివేసిందంటే, అన్నేళ్ల పోరాటానికి తోడుండగలిగేది కమిటీయే. అధ్యక్షత వంతులవారీగా మారేటట్లయితే నేను దానివైపే మొగ్గుతాను.