పాత పల్సర్‌పై నెల్లూరు నుంచి భైరవకోన, ఒంగోలు: దారి, బస, బ్యాటరీ కొట్లు

నెల్లూరులో బయల్దేరి ఆత్మకూరు, ఉదయగిరి, సీతారాంపురం మీదుగా భైరవకోన చూసి, రాత్రికి కనిగిరి చేరి, అక్కణ్నుంచి పొదిలి, చీమకుర్తి దారిలో ఒంగోలు వెళ్లి, హైవే మీద ఇంటికి రావడం. ఈ చుట్టు తిరగడానికి కార్తీకమాసం మంచి కాలం. వానలు పడి కోనలో నీళ్లుంటాయి, ఎండ చురుకు తగ్గి ఉంటుంది, గుళ్లు కళకళలాడుతుంటాయి. నాది 2008 మోడల్ పల్సర్ 150. మా బావది కిక్కు కొట్టి తోలే స్ప్లెండర్. నా బండి బ్యాటరీ చివరి దశకు వచ్చేసింది. సెల్ఫ్ నొక్కితే మూలిగేది, ఇండికేటర్ వేస్తే హారన్ గొంతు పడిపోయేది. కిక్కు ఉంది కాబట్టి భయం లేదు. దారిలో తగిలే ఊళ్లలో కొట్లు చూసుకుంటూ, నచ్చినచోట కొత్తది వేయించుకుందామని బయల్దేరాం.

మన జిల్లాల్లో బ్యాటరీలు దెబ్బతినేది మే నెల ఎండల్లో. అది బయటపడేది మాత్రం వానలు మొదలయ్యాకే. వేడికి లోపలి పలకలు తొందరగా అరిగిపోతాయి, నీళ్లు ఆవిరవుతాయి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఈ రంగంలో ఒక లెక్క ఉంది. నెల్లూరు, ఒంగోలు ఎండల్లో పగలంతా బయట నిలబడే బండి సంగతి ఇక వేరే చెప్పక్కర్లేదు. నవంబరులో బ్యాటరీ పోయిందంటే చలిని తప్పుపట్టడం కాదు, వేసవి నుంచీ లెక్క వేసుకోవాలి.

బయల్దేరేముందు నెల్లూరులో రెండు చోట్ల అడిగాం. ఒకటి ట్రంకురోడ్డు వైపున్న పెద్ద షోరూము. ఏసీ, మంచి కుర్చీలు, మర్యాదగా మాట్లాడే కుర్రాళ్లు. బండి పేరు, మోడల్ చెప్పగానే కంప్యూటర్లో చూసి, 12 వోల్టులు 9 ఆంపియర్ అవర్ (బ్యాటరీ ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే అంకె, వాడుకలో 9 ఆంపియర్ అంటారు) అని చెప్పి ధర రాసిచ్చారు. పాత బ్యాటరీ ఇస్తే ఎంత తగ్గిస్తారో కూడా అందులోనే రాశారు. అంతా పద్ధతిగా ఉంది. బయట నిలబెట్టిన బండి దగ్గరికి మాత్రం ఒక్కరూ రాలేదు. నాకు అది నచ్చలేదు.

రెండోది నెల్లూరులోనే ఉన్న ఆత్మకూరు బస్టాండు దగ్గర చిన్న ఆటో ఎలక్ట్రికల్ కొట్టు. ఇద్దరు నిలబడితే మూడోవాడికి చోటుండదు. మేం వెళ్లేసరికి ఒకాయన తన బండికి బ్యాటరీ కావాలని తొందరపెడుతున్నాడు. కొట్టు పెద్దాయన సైడ్ ప్యానెల్ తీయించి, మల్టీమీటర్ తీగలు రెండూ టెర్మినల్స్‌కి ఆనించి, "స్టార్ట్ చేసి రేస్ ఇయ్యి అబ్బాయ్" అన్నాడు. మీటర్లో అంకె 14 దాటి, 15 దాటి, 15.6 దగ్గర ఆగింది. పెద్దాయన మీటర్ ఆ మనిషి కళ్లముందు పెట్టి, "నేను నీకు బ్యాటరీ అమ్మను. ముందు రెక్టిఫైయర్ మార్పించుకొని రా. ఇప్పుడు కొత్తది వేస్తే ఇది దాన్నీ ఉడకబెట్టేస్తది" అన్నాడు. రెక్టిఫైయర్ అంటే బ్యాటరీకి వెళ్లే ఛార్జింగ్ హద్దు దాటకుండా చూసే భాగం. చేతికొచ్చే బేరాన్ని వదులుకొని మాట చెప్పే మనిషి ఉన్న కొట్టు అది. ఎంత దూరమైనా వెళ్లి అలాంటి చోటే కొనాలి.

నా బండికీ అదే పరీక్ష చేశాడు. బండి ఆపి ఉన్నప్పుడు 12.2 వోల్టులు. బాగున్న బ్యాటరీ, పూర్తిగా ఛార్జ్ అయితే, 12.6 నుంచి 12.8 దాకా చూపించాలి. సెల్ఫ్ నొక్కినప్పుడు 8 దగ్గరికి జారిపోయింది. ఆ సమయంలో కూడా పది వోల్టుల చుట్టుపక్కల నిలబడాలి. రేస్ ఇస్తే 14.2. అంటే కరెంటు పుట్టించే మాగ్నెట్ కాయిల్, రెక్టిఫైయర్ రెండూ బాగానే ఉన్నాయి, జబ్బు బ్యాటరీదే. రేస్ ఇచ్చినప్పుడు 13.5 నుంచి 14.8 మధ్య ఉంటే ఛార్జింగ్ సరిగా ఉన్నట్టు. 13 దాటకపోతే కాయిల్నో, వైరింగునో చూపించుకోవాలి. 15 దాటితే రెక్టిఫైయర్. ఈ మూడు అంకెలు తెలియకుండా కంపెనీ పేర్లు ఎన్ని పోల్చినా లాభం లేదు. ఆ రోజు ఆయన దగ్గర నా సైజు సరుకు లేదు. "ఇంకో రెండ్రోజులు తిరగతది, కిక్కు కొట్టుకో" అన్నాడు. పరీక్షకు డబ్బులిస్తే తీసుకోలేదు.

ఆత్మకూరు దాకా ముంబయి రోడ్డు బాగుంది. సంగం దగ్గర పెన్నను చూస్తూ టీ తాగడానికి ఆగొచ్చు. ఉదయగిరి దారి అంత వెడల్పు ఉండదు గానీ బండ్ల తాకిడి తక్కువ. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి 1514లో గెలుచుకున్న దుర్గం అది. కొండ మీద కోట పూర్తిగా చూడాలంటే పొద్దున్నే ఎక్కాలి, నీళ్లు మోసుకెళ్లాలి. మేం కిందనుంచే చూసి, ఊళ్లో చెక్క గరిటెలు, చెంచాలు చేసేచోట కాసేపు కూర్చున్నాం. ఉదయగిరి చెక్క చెంచాలు కొనాలనుకుంటే ఊళ్లోనే కొనండి, చేసేవాళ్ల చేతికే డబ్బు అందుతుంది.

సీతారాంపురం దాటాక కొండలు దగ్గరపడతాయి. భైరవకోనలో ఒకే కొండ రాతిని తొలిచి మలిచిన ఎనిమిది శివాలయాలు వరసగా ఉన్నాయి. ఎదురుగా వాగు, పైన జలపాతం. కార్తీక పౌర్ణమి రాత్రి వెన్నెల దుర్గాదేవి విగ్రహం మీద పడుతుందని చెబుతారు, ఆ రోజు జనం విపరీతంగా వస్తారు. మామూలు రోజు పోతే తీరిగ్గా చూడొచ్చు. ద్వారపాలకుల బొమ్మలు, గుహల లోపలి లింగాలు చూస్తూ నడుస్తుంటే పొద్దు తెలియదు. జలపాతం దగ్గర రాళ్లు పాచి పట్టి జారతాయి, పిల్లల్ని వదలొద్దు. తిండికి గుడి దగ్గర చిన్న చిన్న అంగళ్లే. రాత్రి బసకు దీన్ని నమ్ముకోకుండా చీకటి పడకముందే బయల్దేరడం మేలు. కోన నుంచి మెయిన్ రోడ్డుకి వచ్చేదాకా మెకానిక్ దొరకడం కష్టం. బ్యాటరీ మీద అనుమానం ఉన్న బండికి కిక్కు లేకపోతే ఈ దారికి అసలు తీసుకురావద్దు.

సి.ఎస్.పురం, పామూరు మీదుగా కనిగిరి చేరేసరికి రాత్రయింది. బస్టాండు దగ్గరి లాడ్జిలో గది తీసుకున్నాం. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు బకెట్లతో తెచ్చిచ్చారు. బండ్లు రోడ్డు మీదే పెట్టాలి, అదొక్కటే లోటు. వాచ్‌మన్‌కి చెబితే గేటు లోపలికి తోసి పెట్టించాడు. పక్కన మెస్సులో గోంగూర, పప్పుచారు, గడ్డపెరుగు. తిరిగి అలసిపోయినవాడికి అంతకంటే ఏం కావాలి.

తెల్లారి సెల్ఫ్ టక్ టక్‌మని ఊరుకుంది. కిక్కుకి లేచింది. ఊళ్లో ఒక కొట్టుకి వెళ్తే, నీళ్లు పోసే పని లేని సీల్డ్ బ్యాటరీ తీసి టేబుల్ మీద పెట్టాడు. కంపెనీ పేరున్నదే. ధర కూడా నెల్లూరు షోరూము చెప్పినదానికంటే తక్కువ. కానీ దాని మీద తయారీ తేదీ చూస్తే ఏడాది దాటింది. మీటర్ పెట్టమని అడిగాం. ససేమిరా అన్నాడు. "కొత్త బ్యాటరీకి మీటరేంది, డబ్బా ఇప్పుడేగా విప్పింది" అని గొణిగాడు. మా బావ మెల్లిగా, "డబ్బా ఇప్పుడు విప్పావన్నా, బ్యాటరీ పుట్టింది పోయినేడు గదా" అన్నాడు. సీల్డ్ బ్యాటరీ ఫ్యాక్టరీ నుంచే ఛార్జ్ అయి వస్తుంది. అలమర్లో నెలల తరబడి పడి ఉంటే తనంతట తానే దిగిపోతుంది, మధ్యలో ఛార్జ్ పెట్టకపోతే పలకల మీద గట్టి పూత పేరుకుని మళ్లీ పూర్తి బలం రాదు. అందుకే కొత్తదైనా 12.8 దగ్గర చూపించకపోతే తీసుకోకూడదు. అక్కడ వారంటీ కార్డు మీద స్టాంపు రేపు వేస్తానన్నాడు. వద్దని లేచి వచ్చేశాం.

ఇంకో విషయం కూడా అక్కడే కంటపడింది. సీల్డ్ బ్యాటరీల్లో 9 ఆంపియర్లే ఉన్నా కొన్ని పొట్టిగా, వెడల్పుగా ఉంటాయి. నా పల్సర్ పెట్టె సన్నగా, ఎత్తుగా ఉండే పాతరకం బ్యాటరీ కోసం చేసింది. పాత బ్యాటరీని పక్కన పెట్టి పొడవు, వెడల్పు, ఎత్తు చూసుకోవాలి. ప్లస్ ఏ వైపు ఉందో కూడా చూడాలి. అది తారుమారైతే వైరు లాగి బలవంతంగా బిగిస్తారు, గుంతల్లో ఊగి ఊగి ఎక్కడో తెగుతుంది.

పొదిలి నుంచి చీమకుర్తి దారిలో గ్రానైట్ లారీలు. గెలాక్సీ గ్రానైట్ దేశదేశాలకు పోయేది ఇక్కణ్నుంచే. దుమ్ము ఎక్కువ, కళ్లద్దాలు లేకుండా రావొద్దు.

ఒంగోలులో కర్నూలు రోడ్డు వైపు అడుగుతూ వెళ్తే ఒక మెకానిక్ తనకు తెలిసిన కొట్టు చూపించాడు. లోపలికి వెళ్లగానే ఆ అన్న అడిగిన మొదటి మాట, "ఛార్జింగ్ చూపించారా?" అని. నెల్లూరు అంకెలు చెప్పినా మళ్లీ తన మీటర్ పెట్టి చూసుకున్నాడు. మనసు అక్కడే కుదుటపడింది. అతని దగ్గర యాసిడ్ పోసే రకం, నా పెట్టెకు సరిగ్గా పట్టేది, ఆ మధ్యే తయారైంది దొరికింది. సీల్డ్ కావాలంటే తెప్పిస్తానన్నాడు. నేను యాసిడ్ రకమే తీసుకున్నాను. నెలకోసారి నీళ్లు చూసే అలవాటు నాకుంది. పాత బండిలో ఛార్జింగ్ కాస్త ఎక్కువైనా, ఈ రకంలో మట్టం తగ్గి మనకు కనపడుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోసి సరిచేయొచ్చు. సీల్డ్ అయితే పక్కలు ఉబ్బి చచ్చేదాకా తెలియదు. బండి వంక చూసే తీరిక లేనివాళ్లకు మాత్రం సీల్డే నయం.

లిథియం సంగతి కూడా అడిగాను. బరువు తక్కువే, కానీ ఇంత పాత రెక్టిఫైయర్‌ని నమ్మి అంత ఖరీదు పెట్టొద్దని చెప్పాడు. నా అభిప్రాయమూ అదే.

"ఇప్పుడు యాసిడ్ పోసి బిగించి పంపమంటే పంపుతా. రాత్రంతా ఛార్జ్ పెట్టనిస్తే నాలుగేళ్లు నన్ను తిట్టుకోరు" అన్నాడు. ఆ ఒక్కమాట కోసం ఒంగోలులో ఆగిపోయాం. ఆరు గదుల మూతలు విప్పి, ఒక్కోదాంట్లో పై గీత దాకా యాసిడ్ నింపాడు. పలకలు పీల్చుకోవడానికి అరగంట పైనే వదిలి, మట్టం దిగినచోట మళ్లీ సరిచేశాడు. పక్కనున్న గొట్టం కొసకు కంపెనీ పెట్టిన బిరడా పీకి చెత్తలో పడేశాడు. అది పీకకపోతే లోపల పుట్టే గ్యాస్‌కి దారి ఉండదు. తర్వాత ఛార్జర్‌ని 0.9 ఆంపియర్ల దగ్గర పెట్టాడు. 9 ఆంపియర్ బ్యాటరీకి అందులో పదో వంతు కరెంటే ఇవ్వాలి, గంటలో నింపాలని ఎక్కువ ఇస్తే పలకలు పాడవుతాయి.

ఒంగోలు లాడ్జి కనిగిరి కంటే ఖరీదు, దానికి తగ్గట్టే ఉంది. కింద సెల్లారు, సీసీ కెమెరా, రాత్రంతా మనిషి. పాత బండ్లమీద తిరిగేవాళ్లు గది చూడకముందు సెల్లారు చూడండి. అక్కడ ప్లగ్ పాయింట్ ఉంటే మరీ మంచిది, అడిగితే ఛార్జర్ పెట్టుకోనిస్తారు. తలుపులు మూసిన గదిలో మాత్రం యాసిడ్ బ్యాటరీకి ఛార్జ్ పెట్టొద్దు. అందులోంచి వచ్చేది హైడ్రోజన్, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. పొద్దున నా బండి కొట్లోనే ఉండటంతో బావ స్ప్లెండర్ మీద ఇద్దరం కొత్తపట్నం బీచికి వెళ్లాం. జాలర్లు వలలు సర్దుకుంటున్నారు, జనం లేరు. అలలు బలంగా ఉన్నాయి, లోపలికి దిగలేదు.

తిరిగొచ్చేసరికి బ్యాటరీ సిద్ధం. ముందు ప్లస్, తర్వాత మైనస్ బిగించి, టెర్మినల్స్‌కి వ్యాజిలిన్ రాసి, గ్యాస్ గొట్టాన్ని చైనుకీ సైలెన్సర్‌కీ తగలకుండా కిందికి దింపాడు. విప్పేటప్పుడైతే మైనస్ ముందు. పాతది ఇచ్చినందుకు బిల్లులో తగ్గించాడు. సీసం, యాసిడ్ ఉన్నవి కాబట్టి పాత బ్యాటరీని చెత్తలో పారేయకూడదు, పాత ఇనుము వాడికీ అమ్మకూడదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం అవి తిరిగి తయారీదారు దారిలోకే చేరాలి.

హైవే మీద టంగుటూరు, సింగరాయకొండ, ఉలవపాడు, కావలి. బైకులకి టోలు లేదు. ఉలవపాడు దగ్గర సపోటాలు కొన్నాం. ఇంటికొచ్చాక రాత్రంతా వదిలి పొద్దున మీటర్ పెడితే 12.7, సెల్ఫ్ నొక్కినప్పుడు పదిన్నర పైన. నేను ఇచ్చిన సొమ్ము నెల్లూరు షోరూము ధరతో దాదాపు సమానం. రాత్రి ఛార్జింగ్, బిగింపు అందులోనే.

బావ స్ప్లెండర్‌కి ఇంత తిప్పలు లేదు. పాత కిక్కు మోడళ్లకు 2.5 ఆంపియర్ల చిన్న బ్యాటరీ చాలు, దానిమీద పడే భారం హారన్, ఇండికేటర్లే. సెల్ఫ్ ఉన్న పాత 350 బుల్లెట్ల వాళ్లకు 14 ఆంపియర్లు కావాలి, అంత సరుకు చిన్న ఊళ్లలో తాజాగా దొరకడం అరుదు. వాళ్లు నెల్లూరులోనో ఒంగోలులోనో తీసుకోవడమే మంచిది. వారంటీ కార్డు మీద అమ్మిన తేదీ, స్టాంపు, బ్యాటరీ నంబరు మూడూ కొట్టు దిగకముందే రాయించుకోండి. మొదటి కొన్ని నెలలే ఉచితంగా మారుస్తారు. ఆ తర్వాత వాడిన కాలాన్ని బట్టి ధరలో కొంత తగ్గిస్తారు. ఈ రెండు గడువులు ఎన్నెన్ని నెలలో కంపెనీని బట్టి మారతాయి కాబట్టి, ధరలు పోల్చేటప్పుడు అవి కూడా పక్కపక్కన పెట్టుకొని చూడండి.